ముయ్యికి రాసిన పేజీలు

మార్చి ఎండ సంగతి ఎర్రబోడులో ఎవరినీ అడగనక్కర్లేదు. పొద్దున తొమ్మిదికే బండలు కాలుతాయి. ఒంటిపూట బడి పన్నెండున్నరకు వదిలితే, పిల్లకాయలు అన్నం తిని గోడల నీడ పట్టుకుని ఇండ్లకు పరిగెత్తుతారు. ఒంటిగంట దాటిందంటే బడి ఆవరణలో కుక్క కూడా కనబడదు. శింగనమల రోడ్డు మీద బస్సు హారన్ కొడితే ఆ పూటకంతా అదే పెద్ద చప్పుడు.

దెయ్యాలు రాత్రిళ్ళే తిరుగుతాయని ఎవరు చెప్పినారో గానీ, ఈ పక్క ముసలోళ్ళు ఆ మాట ఒప్పుకోరు. మిట్టమధ్యాహ్నమూ అర్ధరాత్రే అంటారు వాళ్ళు. ఆ యాళకు మనిషి తిరగడు, పిట్ట అరవదు, ఒంటరిగా ఉన్నోళ్ళకు గాలి సోకుతుందని భయం. అందుకే ఆ పొద్దు ఆడపిల్లను ఒక్కదాన్నీ ఎక్కడికీ పంపరు. కానీ బడికి ఇవన్నీ పట్టవు కదా. బడికి కావాల్సింది ఒక్కటే, నోట్సు పూర్తయిందా లేదా అని.

జాయ్ నోట్సు పూర్తయింది. పదో తరగతిలో అందరికంటే ముందు పూర్తి చేసింది ఆ పిల్లే. చిక్కంతా అక్కడే వచ్చి పడింది.

జాయ్ వాళ్ళ నాయన యేసన్న కూలికి పోతాడు. అమ్మ కృపాకుమారి ఆ బడిలోనే పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. సోమవారం నుంచి పబ్లిక్ పరీక్షలు. మంచి మార్కులు వస్తే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు, ఆరేండ్లు చదువు, తిండి, పడక అన్నీ అక్కడే. రాకపోతే బెంగళూరే. అక్కడ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే మేనత్త ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది, పిల్లను పంపండి, మిషన్ ఖాళీగా ఉండాది అని. పరీక్షకు, మిషన్‌కు మధ్యన ఉన్నది హాల్ టికెట్. అది బదరీనారాయణ సార్ బీరువాలో ఉంది.

బదరీనారాయణ సార్ సోషల్ చెప్తాడు. చెప్తాడని అందరూ అంటారు గానీ నిజానికి చదివి వినిపిస్తాడు. కుర్చీలో కూర్చుని, ఫోన్లో ఉన్న జవాబును ఒక్కో ముక్కా తుంచి వదులుతాడు. పిల్లలు రాసుకోవాలి. చుక్క కూడా పోకూడదు. ఒకసారి జాయ్ లేచి ఏదో సందేహం అడిగితే, "పరీక్షలో ప్రశ్నలు అడిగేది వాళ్ళు, నువ్వు కాదు, కూర్చో" అన్నాడు. మనిషి చెడ్డోడేం కాదు. కొట్టడు, గట్టిగా అరవడు కూడా. ఇరవై ఏండ్ల కిందట ఎవరో ఆయనకు అట్లనే చెప్పి ఉంటారు, ఆయన దాన్ని పట్టుకుని ఉన్నాడు, అంతే.

రఫ్ నోట్సులో రాసిందాన్ని మళ్ళీ ఫెయిర్ నోట్సులోకి ఎక్కించాలి. ప్రశ్న ఎర్ర పెన్నుతో, జవాబు నీలం పెన్నుతో, ఎడమ పక్క రెండు వేళ్ళ మార్జిన్. ఫెయిర్ నోట్సు మీద సార్ సంతకం పడితేనే హాల్ టికెట్ చేతికి వస్తుంది.

"దీన్ని ఎవరు చదువుతారు సార్?" అని తరగతిలో ఆంజి ఒకరోజు అడిగినాడు.

"తనిఖీకి వస్తే చూపించాల."

"వస్తారా సార్?"

"రాకపోతే మాత్రం? రాయి."

రైతుల, కూలోళ్ళ బిడ్డలు కదా, దీనికొక ఉపాయం వాళ్ళకు పుట్టుకతోనే తెలుసు. అదే ముయ్యి. కూలికి పెట్టను దుడ్లు లేనోళ్ళు ఒకరికొకరు చేసుకునే పని. ఈరోజు నీ చేన్లో నేను కలుపు తీస్తా, రేపు నా చేన్లో నువ్వు తీయాల. కాగితం లేదు, సాక్షి లేడు. మాటే. బళ్ళో కూడా అట్లనే పెట్టుకున్నారు. ఆంజి అందరికీ పటాలు గీసినాడు, శశికుమార్ వాడి నోట్సుకు మార్జిన్లు కొట్టి నాలుగు పాఠాలు రాసిచ్చినాడు. కృపాకుమారి మాత్రం కూతురికి చెప్పింది, "ముయ్యికి ఒప్పుకునే ముందు పోయి వాళ్ళ చేను చూసి రావల్ల మే. ఎకరా అని చెప్పి నాలుగెకరాలు చేయించుకునేటోళ్ళు ఉంటారు." జాయ్‌కు ఆ అవసరమే పడలేదు. తనది తనే రాసుకుంది.

రాసుకుంది గానీ, సొంతంగా రాసుకుంది. మన జిల్లాలో కరువు ఎందుకు అన్న ప్రశ్నకు సార్ చెప్పిన జవాబు రెండు వరుసలు. రెండు రుతుపవనాలకూ దూరంగా ఉండటం వల్ల అని. జాయ్ అది రాసి, కింద ఇంకా రాసింది. మా నాయన చిన్నప్పుడు ఇరవై అడుగుల బావిలో చేంతాడుకు నీళ్ళు అందేవి, ఇప్పుడు వెయ్యి అడుగులు బోరు దించినా దుమ్మే వస్తుంది, పడే వానైనా భూమిలోకి ఇంకే దారి మనం పెట్టడం లేదు, అని. ప్రతి పాఠంలోనూ అట్లే. తనకు అర్థమైనట్లు, తన మాటల్లో.

శనివారం పన్నెండున్నరకు బదరీనారాయణ సార్ ఆ నోట్సు తెరిచినాడు. నాలుగు పేజీలు తిప్పినాడు. కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"ఏమ్మే, ఇది నేను చెప్పిందేనా?"

"భావం అదే సార్."

"భావం నీ దగ్గరే పెట్టుకో. సొంత పైత్యం నాకొద్దు." ఎర్ర పెన్ను తీసి, స్కేలు పెట్టి మరీ, పేజీకి అడ్డంగా ఒక గీత కొట్టినాడు. తర్వాతి పేజీకీ కొట్టినాడు. ఓపిగ్గా ఎనభై నాలుగు పేజీలకు కొట్టినాడు. చివర 'మళ్ళీ రాయి' అని రాసినాడు.

"ఎల్లుండే పరీక్ష సార్. చదువుకోవల్ల..."

"రాస్తే చదివినట్లే. నాలుగింటికల్లా ఇస్తే సంతకం పెడతా. నాకూ పని ఉండాది, గుడ్ల ఫోటోలు, మరుగుదొడ్ల ఫోటోలు అన్నీ యాప్‌లో ఎక్కించల్ల."

హాల్ టికెట్ ఫోన్లో కూడా తీసుకోవచ్చంటారు. తీసుకోవచ్చు. కానీ హెడ్మాస్టర్ సెలవులో ఉన్నాడు, బాధ్యత సార్‌ది, వంటపని ఉండాలన్నా ఊడాలన్నా సార్ రాసే కాగితమే. కృపాకుమారి అన్నం బాన కడుగుతూ కూతురి మొహం చూసి, "నాలుగింటికి వచ్చి పిల్చుకపోతాలే" అని మాత్రం అన్నది. ఇంకేమంటుంది పాపం?

చివరి గదిలో కూర్చోమన్నాడు సార్. ఆ గది పాతది. పైన కడప బండలు పరిచిన కప్పు, ఒకే కిటికీ, దానికి ఇనుప ఊచలు. విరిగిన బెంచీలు, చెదలు పట్టిన పాత పుస్తకాల కట్టలు, గోడకు ఇంకా నడుస్తున్న ఒక గడియారం. గాలికి తలుపు కొట్టుకుంటుందని బయట గడియ పెట్టి, సార్ స్టాఫ్ రూముకు పోయినాడు. ఆయన చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా వినిపించి ఆగిపోయింది.

జాయ్ రాసింది. రఫ్ నోట్సు చూసి, కొత్త నోట్సులో. కప్పు నుంచి వేడి దిగుతోంది. కాలిన బండల వాసన, సుద్దముక్కల వాసన, ఎక్కడో చచ్చిన బల్లి వాసన. చెమట మోచేతి మీదుగా కారి కాగితం మీద పడితే అక్షరం చెదిరింది. చెదిరితే సార్ ఒప్పుకోడు. ఆ కాగితం చింపి మళ్ళీ మొదలుపెట్టింది. రెండింటికి లెక్కపెట్టుకుంటే పదకొండు పేజీలయినాయి. ఇంకా డెబ్బై మూడు.

చూపుడువేలు వాచింది. కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. ఛీ, ఏం చదువిది! చదివి రాస్తే తప్పంట, చూసి రాస్తే ఒప్పంట. కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చి పెన్ను బల్ల మీద విసిరికొట్టింది. పెన్ను దొర్లుకుంటూ పోయి ఆగింది.

గర... గర... గర...

కాగితం మీద పెన్ను నడిచే చప్పుడు.

జాయ్ తన చేతిని చూసుకుంది. చేతిలో పెన్ను లేదు.

గర... గర... గర...

వెనక నుంచి వస్తోంది. దాంతోపాటు ఒక వాసన. సిరా వాసన. పెన్నుల్లో సిరా పోసుకునే కాలం పోయి ఎన్నేండ్లయిందో. జాయ్ మెల్లగా తల తిప్పింది.

గోడకు ఆనించిన చివరి బెంచీలో ఒక అమ్మాయి కూర్చుని రాస్తోంది. రెండు జడలు, నీలం యూనిఫాం. ఈ నీలం ఇప్పుడెవరూ వేసుకోరు, ఎప్పుడో మార్చేసినారు. వచ్చినప్పుడు ఆ బెంచీలో ఎవరైనా ఉన్నారా? జాయ్ చూసుకోలేదు. చూడాలని తోచలేదు. ఫెయిలై మళ్ళీ కట్టినోళ్ళను కూడా సార్ ఇట్లనే కూర్చోబెడతాడని విన్నది. ఆ తలంపుతో గుండె కొంచెం కుదుటపడింది.

"అక్కా, నువ్వెప్పుడొచ్చినావ్?"

"ముందే వచ్చినా." తల ఎత్తలేదు. "నీకెన్ని పేజీలుండాయి?"

"డెబ్బై మూడు."

"నాలుగింటికి కావు."

"తెలుసు," అన్నది జాయ్.

పెన్ను ఆగింది. ఆ అమ్మాయి అప్పుడు తల ఎత్తింది. మామూలు మొహమే. పెదాలు మాత్రం ఎండి పగిలి తెల్లగా ఉన్నాయి, ఎన్ని పూటలుగా నీళ్ళు తాగలేదో అన్నట్లు. "నేను రాస్తా నీది," అన్నది గుసగుసగా. "ముయ్యి పెట్టుకుందాం. నీది నేను రాస్తా. నాది నువ్వు రాయి."

చేను చూడకుండా ముయ్యికి ఒప్పుకోవద్దని అమ్మ చెప్పిన మాట జాయ్‌కు గుర్తు రాకపోలేదు. వచ్చింది. కానీ గోడ గడియారంలో రెండుంబావు. నాలుగింటికి సంతకం కాకపోతే బీరువాలో హాల్ టికెట్ బీరువాలోనే ఉంటుంది. బెంగళూరులో మిషన్ ఖాళీగా ఉంది. మునిగిపోయేటోడికి గడ్డిపోచ అయితేనేమి, పాము అయితేనేమి?

"సరే అక్కా."

ఆ అమ్మాయి ముందుకొచ్చి నోట్సు లాక్కుని కూర్చుంది. రాస్తాంటే చూడాల... చేయి కనబడలేదు. గరగరగరమని ఒకటే చప్పుడు. పేజీలు వాటంతటవే తిరుగుతున్నట్లు తిరిగినాయి. చెమట లేదు. ఊపిరి తీసుకుంటున్న అలికిడి కూడా లేదు. మూడింటికి నోట్సు మూసి బల్ల మీద పెట్టింది.

జాయ్ తెరిచి చూసింది. ఎనభై నాలుగు పేజీలూ ఉన్నాయి. అచ్చం సార్ చెప్పినట్లు, చుక్కతో సహా. రాత మాత్రం జాయ్‌దే. 'మ' కింద తను కొట్టే చిన్న తోకతో సహా జాయ్ రాతే.

"నా రాత నీకెట్ల..."

"ఇప్పుడు నాది," అన్నది ఆ అమ్మాయి. తన నోట్సు జాయ్ ముందుకు జరిపింది.

"పరీక్షలైపోయినాక రాస్తా అక్కా, దేవుని తోడు..."

"నేను నీది తర్వాత రాస్తా అన్నానా?"

జాయ్ నోట్సు తెరిచింది. అట్ట మీద ఈశ్వరమ్మ, పదో తరగతి, 2004 అని ఉంది. మొదటి పేజీలో ఎర్ర సిరాతో ప్రశ్న. కింద జవాబుకు ఖాళీ. ఆ ఖాళీ కింద ఇంకెవరిదో రాత, ఎర్రగా, 'మళ్ళీ రాయి'. రెండో పేజీ. అదే ప్రశ్న. అదే ఖాళీ. 'మళ్ళీ రాయి'. పదో పేజీ. యాభయ్యో పేజీ. అదే.

ఎందుకో పెన్ను చేతిలోకి వచ్చింది. జాయ్ రాసింది. పేజీ నింపి తిప్పింది. ఇంకో పేజీ నింపింది. ఎడమ పక్క రాసిన కాగితాలు పెరుగుతున్నాయి. కుడి పక్క... తగ్గలేదు. వేలితో పట్టుకుని చూసింది. మొదట ఎంత మందం ఉందో అంతే.

"ఇంకా ఎన్నుండాయి అక్కా?"

"నాకు తెలీదు."

"ఎంతసేపటి నుంచి రాస్తాండావ్ నువ్వు?"

ఈశ్వరమ్మ తల వంచుకుని కూర్చుని, జాయ్ జడను చేత్తో తడుముతోంది. తడిమి, తన జడ ముడి విప్పుకుని, జాయ్‌ది ఎట్ల ఉందో అట్ల వేసుకుంటోంది.

జాయ్ లేవాలనుకుంది. లేవలేదు. కాళ్ళకు ఏ కట్టూ లేదు. కానీ పేజీ సగంలో ఉంది. సగంలో ఎట్ల లేస్తారు? ఈ ఒక్క పేజీ అయిపోతే లేస్తా అనుకుంది. ఆ పేజీ అయిపోయింది. ఈ ఒక్కటీ అనుకుంది. నాలుక అంగిలికి అతుక్కుంది. పెదవి మీద ఏదో చిటుక్కున పగిలింది.

బయట చెప్పుల చప్పుడు. గడియ తీసిన చప్పుడు. ఎండ గదిలోకి పడింది.

"జాయ్! అయిందా?"

"సార్!" అని అరిచింది జాయ్. గొంతులోంచి సుద్దపొడి రాలినట్లు ఏదో వచ్చింది గానీ మాట రాలేదు. బదరీనారాయణ సార్ ఆమె మీదుగా వెనక గోడను చూసినాడు, ఖాళీ బెంచీని చూసినట్లు. ఆమె కూర్చున్నది చివరి బెంచీలో. ఎప్పుడు వచ్చి కూర్చుందో ఆమెకే తెలియదు. ఒంటి మీద చూసుకుంది. నీలం బట్టలు.

ముందు బెంచీలోంచి జాయ్ లేచింది. జాయ్ జడలు, జాయ్ యూనిఫాం, జాయ్ మొహం. రెండు చేతులతో నోట్సు ఇచ్చింది.

సార్ నిలబడే పేజీలు తిప్పినాడు. ఆయన మొహం ఇంత వెలిగిపోవడం ఆ బళ్ళో ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. "శభాష్! ఇట్ల రాస్తే ఎంత బాగుండాది చూడు. చెప్పింది చెప్పినట్లే. ఈ బుద్ధి ముందే ఉంటే నాకీ తంటా ఉండేది కాదు కదా?"

"మీరు చెప్పినట్లే రాసినా సార్. ఇంకెప్పుడూ సొంతంగా రాయను."

సంతకం పెట్టినాడు. బీరువాలోంచి తెచ్చిన హాల్ టికెట్ జేబులోంచి తీసి ఇచ్చినాడు. "ఫస్ట్ వస్తావ్ లేమ్మా నువ్వు." తలుపు మూసినాడు. ఈసారి తాళం వేసిన చప్పుడు కూడా వినిపించింది.

చివరి బెంచీలో జాయ్ పెన్ను వదిలేసింది. ఎట్ల వదిలిందో తెలియదు, ప్రాణం పోయేంత నొప్పితో వదిలింది. కిటికీ దగ్గరికి పడుతూ లేస్తూ పోయి ఊచలు పట్టుకుంది. కాలే ఇనుము. కాలుతున్నట్లు తెలియలేదు.

నాలుగు గంటల ఎండలో కృపాకుమారి గేటు దగ్గర నిలబడి ఉంది, నెత్తిన కొంగు కప్పుకుని. ఆ పిల్ల పరిగెత్తుకుంటూ పోయి హాల్ టికెట్ చూపించింది. కృపాకుమారి దాన్ని కండ్లకు అద్దుకుంది. పిల్ల మొహం పట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"అమ్మా!" అని అరిచింది జాయ్. "అమ్మా, అది నేను కాదు! నేనీడుండా! అమ్మా..."

గాలి కూడా కదలలేదు. ఇద్దరూ చేయి చేయి పట్టుకుని గేటు దాటినారు. పది అడుగులు పోయినారు. అప్పుడు కృపాకుమారి ఆగింది. వెనక్కి తిరిగింది.

సూటిగా కిటికీ వైపు చూసింది. ఊచల వెనక ఉన్న బిడ్డ కండ్లల్లోకి చూసింది. చూసింది, అందులో సందేహం లేదు. ఆ గది సంగతి ముందే ఎరిగినట్లు, ఉలిక్కిపడలేదు. అరవలేదు. కొంగు కొస నోట్లో కుక్కుకుని, పక్కనున్న పిల్లకు కనబడకుండా కుడిచేయి కొంచెం పైకెత్తింది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మూడూ కలిపి, పెన్ను పట్టుకున్నట్లు గాల్లో ఆడించింది.

రాయి, అన్నట్లు. ముయ్యి తీరేదాకా ఆపకుండా రాయి.